చేపుకొచ్చే దాకా

"పెద్దమ్మా, దీనికి నేనంటే ఇష్టం లేదు."

సోమవారం తెల్లారకుండానే కాకినాడ నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్. పిల్ల పుట్టి పన్నెండో రోజు. రొమ్ము దగ్గరికి తీసుకుంటే చాలు, విల్లులా వెనక్కి వంగిపోయి గుక్కపెడుతోందట. సీసా కనబడగానే ఏడుపు ఆపేస్తోందట. పన్నెండు రోజుల పసిగుడ్డుకి ఇష్టాలేమిటే అని అనబోయి ఆగాను. ఆ గొంతు విన్నాక అనలేకపోయాను. సంచీ సర్దుకుని బస్సెక్కాను.

గదిలో అడుగు పెట్టగానే బల్ల మీద పాలడబ్బా. దాని మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్త కాదు. పసిపిల్లల పాలపొడికీ సీసాలకూ ప్రకటనలే ఉండకూడదని 1992లో చట్టం చేసుకున్న దేశం మనది. 2003లో దాన్ని ఇంకా బిగించుకున్నాం. అయినా డబ్బా బాలింత మంచం పక్కకి దారి వెతుక్కుంటూ వస్తూనే ఉంది. ఇక్కడా అదే కథ. సిజేరియన్ అయింది, తల్లి కదల్లేకుండా ఉంది, పిల్ల ఏడ్చింది. "పాలు పడలేదు" అన్నారెవరో. అంతే, సీసా వచ్చింది.

ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. అవి చెంచాల లెక్కనే ఉంటాయి, పుట్టిన పిల్ల పొట్టా అంతే ఉంటుంది. పాలు నిండుగా దిగేది ఆ తర్వాత. సిజేరియన్ అయితే ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో వందకు 88 పైచిలుకు కాన్పులు ఆస్పత్రుల్లోనే. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టిన పిల్లలు మాత్రం వందకు 42 మంది కూడా లేరు. డాక్టరు, నర్సు, మందులు అన్నీ పక్కనే ఉండి కూడా ఆ ఒక్క గంటని చేజార్చుకుంటున్నాం.

అందుకే ఆవేళ మధ్యాహ్నం, "రెండు పూటలు డబ్బా ఆపేయండి, ఆకలేస్తే అదే పడుతుంది" అన్నాను. మా చెల్లెలూ సరేనంది. వీధి చివర ఒకావిడ ఉంది. ముప్పై ఏళ్ళు పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. కబురు పెడితే వచ్చి, నా మాట విని తల అడ్డంగా ఊపింది. "ఆకలితో ఏడ్చే పిల్లకి కొత్త పని నేర్పలేమమ్మా. నీరసపడి నిద్రపోతుంది. దాన్ని చూసి కడుపు నిండిందనుకుంటారు మీరు."

ఆవిడ సీసా తీసి పక్కన పెట్టింది. డబ్బా మాత్రం అక్కడే ఉండనిచ్చింది. ఉగ్గుగిన్నె ఉందా అని అడిగింది. మా అమ్మమ్మ ఉగ్గుగిన్నె మా చెల్లెలి దగ్గరే ఉంది. వేడినీళ్ళలో మరిగించి తెచ్చాం. ముందు అందులో కాసిని పాలు పట్టి, ఆకలి అంచు తగ్గించింది. బట్టలు విప్పిన పిల్లని తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పింది. చాలాసేపు ఏమీ చేయలేదు. పిల్ల మగతగా కదులుతూ తల అటూ ఇటూ తిప్పుతున్నప్పుడు, చెంచాతో రొమ్ము మీద ఒక్కో చుక్కా జారవిడిచింది. చుక్క చనుమొన మీదుగా పిల్ల పెదవి దాకా వచ్చింది. పిల్ల నాకింది.

నాకు అమ్మమ్మ పశువుల సావిడి కళ్ళముందు నిలిచింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తొలిచూలు ఆవు ఈనింది. పెయ్యకి నిలబడే ఓపిక లేదు. జున్నుపాలు పిండి వెదురుగొట్టంతో పోశారు. మూడో రోజుకి లేచింది గానీ, పొదుగు దగ్గరికి తోస్తే మొహం తిప్పేసి గొట్టం కోసం వెతికేది. "ఒక పూట ఎండగట్టు, అదే తాగుతుంది" అన్నాడు మావయ్య. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "కడుపు మాడిన దూడకి ఓర్పుండదురా" అంది. గొట్టంతో సగం కడుపు నింపి, మిగిలిన పాలు చెంబులోంచి పొదుగు మీదుగా సన్నటి ధారగా వంచింది. దూడ ధారని నాకుతూ నాకుతూ చన్ను అందుకుంది.

అక్కడితో అయిపోలేదు. దూడ పట్టింది గానీ ఆవు చేపడం లేదు. చుట్టూ మేమందరం గుమిగూడి ఉన్నాం. అమ్మమ్మ మమ్మల్నందరినీ బయటికి తరిమేసింది. తలుపు సందులోంచి చూశాను. కుడితి పెట్టి, గంగడోలు నిమురుతూ, దానితో ఏదో మాట్లాడుతూ కూర్చుంది. ఎంతసేపో. ఆవు మెడ వాల్చింది. దూడ మూతి చుట్టూ నురగ కనబడింది.

చేపు. అంటే పాలు దిగిరావడం. ఇంత చక్కటి మాటని పశువులకే వదిలేశాం. పిల్ల చప్పరించిన కొద్దీ ప్రొలాక్టిన్ అనే హార్మోను పాలు తయారుచేయిస్తుంది, ఆక్సిటోసిన్ వాటిని బయటికి వదులుతుంది. నొప్పి, భయం, దిగులు రెండోదాన్ని బిగబట్టేస్తాయి. మా పిల్ల గదిలోకి ఎవరొచ్చినా "పాలు పడ్డాయా?" అని అడిగేవారు. ఇక చేపు ఎలా వస్తుంది? మంగళవారం నుంచి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని నేనే కూర్చున్నాను.

ఇది ఇవాళ పుట్టిన విద్య కాదు. ఆగిపోయిన పాలని తిరిగి రప్పించడం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ఒక పుస్తకమే వేసింది. దానికి ఐదేళ్ళ ముందే దావణగెరె వైద్యులు, తల్లులకు పాలు తిరిగి రప్పించిన తమ అనుభవాన్ని రాశారు. పద్ధతి కష్టం కాదు, ఓపిక కావాలి. పగలూ రాత్రీ కలిపి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు రొమ్ముకి ఆనించాలి. పట్టని పూట చేత్తో పిండి తీయాలి. తడిసిన గుడ్డలు లెక్కపెట్టాలి, రోజుకి ఆరుకి తగ్గకూడదు. బరువు చూసుకుంటూ పైపాలు కొంచెం కొంచెంగా తగ్గించాలి, డాక్టరుకి చూపిస్తూ ఉండాలి. వారాలు పట్టొచ్చు. మా చెల్లెలు తెలగపిండి మునగాకు కూర వండి పెడుతోంది. బాలింతకి అదీ కావలసిందే. పాలని పిలిచేది మాత్రం పిల్ల నోరే.

ఇన్నేళ్ళూ డబ్బాని శత్రువన్నాను. ఆ చట్టం మీద నా నమ్మకం ఇసుమంత తగ్గలేదు. కానీ ఈ పిల్లని రొమ్ముకి దూరం చేసింది ఒక్క డబ్బాయేనా? తల్లికి విశ్రాంతి కావాలని పిల్లని పక్కగదికి తీసుకుపోయి, పూటపూటకీ సీసా పట్టిన మా ప్రేమ కూడా. ఇప్పుడు ఆ డబ్బా పాలే పిల్ల ఒంట్లో బలం నిలిపి, నేర్చుకునే ఓపిక ఇస్తున్నాయి. నా మాట నెగ్గి సోమవారం డబ్బా ఆపేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే భయమేస్తోంది.

శుక్రవారం రాత్రి పిల్ల ఉయ్యాల్లో మూలిగింది. ఇవతల అన్నం తింటున్న తల్లి ఉలిక్కిపడి జాకెట్టు వంక చూసుకుంది. రెండు పక్కలా తడి. "ఇదేంటి పెద్దమ్మా?" అంది. చెప్పాను. ఆ మాట తనెప్పుడూ వినలేదట, రెండుసార్లు పలికి చూసుకుంది.

ఇంకా రోజుకి నాలుగు సార్లు పైపాలు పట్టాల్సి వస్తోంది. ఆ రాత్రి పదకొండింటికి నేనే కలిపాను, చెంచా తలకొట్టి, డబ్బా మీది కొలత తప్పకుండా. పిల్ల ముందు తల్లి దగ్గర తాగింది. ఉగ్గుగిన్నెలో సగం మిగిలిపోయాయి.