అంకగణిత బోధనలో యంత్రం: ఒక విమర్శ

ఒకే తరగతిలో కూర్చున్న పిల్లలందరూ అంకగణితంలో ఒకే మెట్టుమీద ఉండరు. ఒకడు భాగహారం ముగించి పై లెక్కకోసం ఎదురుచూస్తుండగా, మరొకడు ఏడవ ఎక్కం దగ్గరే తడబడుతుంటాడు. పాఠం మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఈ చిక్కును యంత్రసహాయంతో తీర్చవచ్చునన్న ఆలోచన చాలా కాలంగా ఉన్నది.

1953లో అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నర్, తన కుమార్తె చదివే నాలుగవ తరగతి లెక్కల పాఠాన్ని చూచినాడు. జవాబు ఒప్పో తప్పో పిల్లలకు వెంటనే తెలియడం లేదు. అందరూ ఒకే వేగంతో నడవవలసి వస్తున్నది. ఈ రెండు లోపాలను తొలగించడానికే ఆయన బోధన యంత్రాన్ని రూపొందించినాడు. తరువాతి దశకంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాట్రిక్ సపీజ్ ప్రభృతులు ఈ పనికి కంప్యూటరును వినియోగించినారు.

ఇదే ఆశయంతో 1964లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రణాళికను ప్రారంభించినారు. ఇందులో కంప్యూటరు లేదు. కాని పద్ధతి యంత్రానిదే. విద్యార్థి తన స్థాయికి తగిన అభ్యాసపత్రాలను స్వయంగా పూర్తిచేస్తాడు. జవాబులను పట్టికతో సరిచూస్తారు. నూటికి సుమారు ఎనభై వంతులు సరిపోతే పై మెట్టు ఎక్కుతాడు.

ఈ పద్ధతిలో ముందంజలో ఉన్నాడని పేరుపొందిన పన్నెండేండ్ల బాలుని స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ పరీక్షించి, 1973లో ఫలితాలను ప్రకటించినాడు. ఆ బాలుని 'బెన్నీ' అని పేర్కొన్నాడు. 2/10ని దశాంశంగా వ్రాయమంటే బెన్నీ 1.2 అన్నాడు. 2, 10 కలిపితే 12. మధ్యలో ఒక చుక్క! 0.3, 0.4 కలిపితే అతనికి 0.07 వచ్చినది. రెండు సంఖ్యలలోనూ చుక్క తరువాతనున్న స్థానాలను లెక్కించి, జవాబులోనూ అన్నే స్థానాలు ఉంచినాడు. ఇదే సూత్రంతో 0.7ను 0.5తో గుణిస్తే 0.35 వస్తుంది, అది ఒప్పే. అంటే గుణకారానికి చెల్లే సూత్రాన్ని కూడికకు కూడా పట్టించినాడన్నమాట.

లోపమెక్కడ? పట్టిక జవాబును మాత్రమే చూచినది. జవాబు వచ్చిన దారిని చూడలేదు. పట్టికలో 1/2 ఉండగా 2/4 వ్రాస్తే తప్పన్నారు. కనుక లెక్కల సూత్రాలు ఎవరో ఇష్టంవచ్చినట్లు పెట్టినవేనని ఆ బాలుడు నమ్మినాడు. ఇది ఒక లెక్క తప్పడం కంటె పెద్ద నష్టం.

అయితే యంత్రం నిరర్థకమనడం కూడా సరికాదు. నేటి కంప్యూటరు తప్పుల పోకడను గుర్తించి, దానికి తగిన అభ్యాసం ఇయ్యగలదు. ఢిల్లీలో 'మైండ్‌స్పార్క్' అనే సాధనంతో కార్తీక్ మురళీధరన్ ప్రభృతులు జరిపిన ప్రయోగం 2019లో ప్రచురితమైనది. అందులో పిల్లలు సుమారు నాలుగున్నర నెలలలోనే గణితంలో చెప్పుకోదగిన ప్రగతి చూపినారు. కాని అక్కడ ప్రతిదినం 45 నిమిషాలు కంప్యూటరు, మరి 45 నిమిషాలు చిన్న బృందానికి మనిషి చెప్పే పాఠం. ఘనత అంతా యంత్రానిదే అనరాదు.

కావున ఇట్టి సాధనం పాఠశాలకు వచ్చినప్పుడు, ఎందరు ఎన్ని మెట్లు ఎక్కినారన్నది ఒక్కటే గీటురాయి కారాదు. ఒప్పు జవాబు వ్రాసిన పిల్లవానిని సైతం ఉపాధ్యాయుడు అప్పుడప్పుడు దగ్గరకు పిలిచి, "ఇది ఎట్లా చేసినావు?" అని అడగవలె. బెన్నీని ఆ ప్రశ్న ముందుగానే అడిగి ఉంటే, తప్పుడు సూత్రం అంతకాలం దాగి ఉండేది కాదు.