పాత కెమేరాతో సుదూరాకాశ ఛాయాగ్రహణము: గుణదోష విమర్శ

మబ్బులేని మార్గశిర రాత్రి షాద్‌నగర్ పొలిమేరలో నిలిచి చూచువారికి కృత్తికలు, మృగశిర, దక్షిణమున అగస్త్య నక్షత్రము స్పష్టముగనే కనబడును. కాని మృగవ్యాధుని ఖడ్గమునందలి నీహారిక కంటికి ఒక మసక మచ్చ మాత్రమే. దేవయాని గాలక్సీ అంతకంటెను మసక. మన కన్ను వెలుతురును సెకనులో సుమారు పదవ వంతునకు మించి కూడబెట్టజాలదు. కెమేరా నిమిషములకొలది, గంటలకొలది కూడబెట్టగలదు. సౌరకుటుంబమునకు ఆవలనున్న తారాగుచ్ఛములను, నీహారికలను, గాలక్సీలను ఈ విధముగా చిత్రించుటనే సుదూరాకాశ ఛాయాగ్రహణమందురు.

ఉన్నత పాఠశాల సైన్సు క్లబ్బునకు ఇట్టి పనికై సొమ్ము దొరకుట అరుదు. దొరకినపుడు క్రొత్త కెమేరా అందుబాటులో ఉండదు. పాత కెమేరాయే గతి. ఆ కొనుగోలు తప్పుదారి పట్టినచో కెమేరా ప్రయోగశాల బీరువాలో చేరును; మరుసటి ఏడు ఉపాధ్యాయుడు మరల అడుగుటకు ముఖము చెల్లదు. కనుక పాత కెమేరాల మంచిచెడ్డలను ఏ కొలమానముతో తూచవలెనో ముందుగా విచారింపవలసియున్నది.

దుకాణములలో చెల్లుబాటగు కొలమానము ఒక్కటే: పిక్సెలుల సంఖ్య. పండ్రెండు మిలియనులకంటె పదునెనిమిది, దానికంటె ఇరువది నాలుగు గొప్పవని చెప్పుదురు. ఈ వాదము ఎంత బలహీనమో షాద్‌నగరే చూపగలదు. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, పిదప రంగారెడ్డి జిల్లాలో చేరిన ఈ పట్టణము వద్ద 1979లో ఉపగ్రహ చిత్రములను అందుకొను భూకేంద్రము వెలసెను. 1988లో ప్రయోగింపబడిన ఐ.ఆర్.ఎస్. 1ఎ ఉపగ్రహము పంపిన చిత్రములు ఇచటనే దిగినవి. ఆ ఉపగ్రహములోని మొదటి కెమేరాలో ఒక్కొక్క వర్ణమునకు ఒక వరుసలో 2,048 గ్రాహకములు మాత్రమే ఉండెను. నేలపై ఒక్కొక్క చుక్క 72.5 మీటర్ల వెడల్పు. అంతమాత్రముతోనే దేశములోని పంటలు, అడవులు, చెరువులు లెక్కకు వచ్చినవి. ఏలయన, ఆ గ్రాహకములు ఎంత వెలుతురునకు ఎంత సంకేత మిచ్చునో ముందుగా తెలిసియుండెను; అదే కొలత మరల మరల జరిగెను. చుక్కల సంఖ్యకంటె కొలత నమ్మకము ముఖ్యమను ఈ పాఠము ఆకాశమును చిత్రించువారికి సయితము వర్తించును.

ఇక నక్షత్ర చిత్రమునకు నిజముగా కావలసిన దేమి? మొదటిది వెలుతురు. దానిని తెచ్చునది కెమేరా డొక్కు కాదు, కటకము. కెమేరాతో సాధారణముగా వచ్చు 18-55 మిల్లీమీటర్ల కటకమును 55 వద్ద వాడినచో దాని ద్వారము ఎఫ్/5.6కు మించి తెరచుకొనదు. 50 మిల్లీమీటర్ల స్థిర నాభ్యంతరముగల పాత కటకమును ఎఫ్/2.8 వద్ద వాడినచో సెన్సారుపై నీహారిక వెలుగు నాలుగు రెట్లు పడును. అనగా మొదటిదానితో నలుబది నిమిషములు పట్టు పని రెండవదానితో పది నిమిషములలో ముగియును. కెమేరాను ఒక మెట్టు తగ్గించియైనను ఇట్టి కటకమును కొనుట తెలివి. స్వయముగా ఫోకసు చేసికొనలేని పాత కటకములకు విపణిలో ధర తక్కువ. నక్షత్రములకు ఫోకసు చేతితోనే చేయవలెను గనుక ఆ లోపము ఇచట లోపమే కాదు.

రెండవది భూభ్రమణము. ఆకాశ మధ్యరేఖ వద్ద నక్షత్రము సెకనునకు 15 వికలలు జరుగును. డిగ్రీలో 3,600వ వంతు ఒక వికల. 50 మిల్లీమీటర్ల కటకముతో కెనాన్ 1100డి కెమేరాలో ఒక్కొక్క పిక్సెలు సుమారు 21 వికలలను కప్పును. 600డి కెమేరాలో సుమారు 18. మూడు సెకనుల ఎక్స్‌పోజరులో నక్షత్రము 45 వికలలు జరుగును గనుక రెండు, రెండున్నర పిక్సెలుల మేర మాత్రమే సాగును. ఇది సహింపదగినది. 500ను నాభ్యంతరముతో భాగింపుమను పాత సూత్రమొకటి ప్రచారములో కలదు. చిన్న సెన్సారునకు తగినట్లు సవరించి చూచినను అది ఈ కటకమునకు ఆరు సెకనులు చెప్పును. అపుడు చుక్క 600డిలో ఐదు పిక్సెలుల గీత యగును. సూత్రమును గ్రుడ్డిగా నమ్మక ఈ చిన్న లెక్కను విద్యార్థులచేతనే చేయించుట మేలు.

మూడు సెకనులలో ఏమి కనబడునని ప్రశ్నింపవచ్చును. ఒక్క చిత్రములో కనబడునది స్వల్పమే. కాని అట్టి చిత్రములను రెండువందలు తీసి, డీప్‌స్కైస్టాకర్, సిరిల్ వంటి ఉచిత కంప్యూటరు ప్రోగ్రాములతో నక్షత్రములను ఒకదానిపై ఒకటి సరిచేసి కూర్చినచో పది నిమిషముల వెలుతురు లభించును. చిత్రములోని చిందరవందర చుక్కలను ‘నాయిస్’ అందురు. చిత్రముల సంఖ్య పెరిగినకొలది దానితో పోల్చిన సంకేతబలము ఆ సంఖ్య వర్గమూలము చొప్పున పెరుగును. రెండువందలకు సుమారు పదునాలుగు రెట్లు. దేవయాని గాలక్సీ మూడు డిగ్రీల పొడవు గలది గనుక 1100డి చిత్రములో సుమారు ఐదువందల పిక్సెలుల మేర పరచుకొనును. ప్రారంభకులకు అది చాలును.

ఈ దృష్టితో విపణిలోని పాత డి.ఎస్.ఎల్.ఆర్. కెమేరాలను తూచినచో తీర్పు ఇట్లుండును. 2003 నాటి కెనాన్ 300డి, 2005 నాటి 350డి కడు చవుక. కాని వానిలో వెనుక తెరపై దృశ్యమును ప్రత్యక్షముగా చూచు ‘లైవ్ వ్యూ’ లేదు. ప్రకాశవంతమైన నక్షత్రమును తెరపై పదిరెట్లు పెద్దదిగా చూచి ఫోకసు చేయుటకు వీలులేనిచో ప్రారంభకుని సగము రాత్రి వ్యర్థము. ఉచితముగా వచ్చినచో తీసికొనవచ్చును, కొనదగినవి కావు. ఈ సౌకర్యము 2008 నాటి 450డి, 1000డి కెమేరాలతో చవుక తరగతికి దిగివచ్చెను.

2011 నాటి కెనాన్ 1100డి తక్కువ ధరలో నమ్మదగినది. సెన్సారుపై ధూళిని తానై దులుపుకొను ఏర్పాటు లేకపోవుట, తెర కదలకపోవుట దాని లోపములు. అదే యేటి 600డికి మడతతెర కలదు. కెమేరా నడినెత్తికి చూచునపుడు మెడ విరుచుకొనక ఫోకసు చేయుటకు ఇది పిక్సెలులకంటె ఎక్కువ ఉపకరించును. దాని సెన్సారు తక్కువ ఐ.ఎస్.ఓ. వద్ద నాయిస్ ఎక్కువగా చూపును గనుక 800, 1600 వద్ద వాడవలెను. 2011 నాటి నికాన్ డి5100కు మడతతెరతోబాటు నియమిత వ్యవధిలో తానై చిత్రములు తీయు ఏర్పాటు కూడ కలదు. దాని 16 మిలియనుల సెన్సారు నాయిస్ విషయమున నాటి కెనానులకంటె మెరుగు. పాఠశాలకు ఈ కడపటి రెండింటిలో ఏది మంచి స్థితిలో దొరకిన అది తగినది. 24 మిలియనుల నికాన్ డి5300 వీనికంటె మేలే; కాని సొమ్మంతయు దానికే పోయి, కటకమునకును ట్రైపాడునకును మిగులనిచో ఆ మేలు నిష్ఫలము.

ఎరుపు రంగు విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. నీహారికలలోని ఉదజని 656.3 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము వద్ద ఎర్రగా వెలుగును. మామూలు కెమేరాలలో సెన్సారు ముందున్న వడపోత గాజు పరారుణమును ఆపు ప్రయత్నములో ఈ ఎరుపును కూడ చాలవరకు అడ్డగించును. అందుకే కెనాన్ 2005లో 20డిఎ, 2012లో 60డిఎ అను ఖగోళ కెమేరాలను, నికాన్ 2015లో డి810ఎ అను దానిని వెలువరించినవి. మామూలు కెమేరాలో ఆ గాజును మార్పించినవి కూడ పాతసరుకులో దొరకును. పాఠశాలకు ఉన్నది ఒక్కటే కెమేరా యైనచో ఇట్టిది వలదు. పగటి చిత్రముల రంగులు చెడును. తారాగుచ్ఛములకు, గాలక్సీలకు, ప్రకాశవంతమగు ఓరియన్ నీహారికకు మామూలు గాజు పెద్ద అడ్డంకి కాదు.

ఈ విషయమున లభించు సలహాలలో అధికభాగము చలిదేశములవారు వ్రాసినవి. వాని నన్నింటిని యథాతథముగా మనకు అన్వయింపరాదు. వారికి వేసవి పాలపుంత ఋతువు. మనకు జూను నుండి సెప్టెంబరు వరకు మబ్బులు. ధనూరాశి నీహారికలను మనము మార్చి నుండి మే వరకు తెల్లవారుజామున పట్టుకొనవలెను. సెన్సారులోని ఉష్ణజనిత సంకేతము సుమారు ఆరేడు డిగ్రీల వేడిమికి రెట్టింపగును. 15 డిగ్రీల రాత్రికంటె 28 డిగ్రీల రాత్రి అది దాదాపు నాలుగు రెట్లు. కనుక మూతపెట్టి తీయు ‘డార్క్’ చిత్రములను అదే రాత్రి, అదే ఎక్స్‌పోజరుతో తీయుట మనకు మరింత అవసరము. నష్టములతోబాటు లాభమును కలదు. లండనులో ఎన్నడును ఉదయింపని ఒమేగా సెంటారి తారాగుచ్ఛము షాద్‌నగర్‌లో ఏప్రిల్, మే రాత్రులందు దక్షిణ దిగంతమునకు 25 డిగ్రీల ఎత్తున నిలుచును. హైదరాబాదు, శంషాబాదుల దీపకాంతి ఉత్తర, ఈశాన్యములందు గనుక దక్షిణపు ఆకాశమే ఇచటివారికి ధనము. ధ్రువ నక్షత్రము మాత్రము 17 డిగ్రీల ఎత్తున ఆ కాంతిలోనే ఉండును. దానిని గురిచేసి అమర్చవలసిన చలన పీఠములను మొదటి ఏడు కొనకుండుటకు ఇది మరొక కారణము.

కొనునపుడు చేయవలసిన పరీక్షలు నాలుగు. మూత పెట్టి, ఐ.ఎస్.ఓ. 1600 వద్ద 30 సెకనుల చిత్రము తీసి, తెరపై పెద్దదిగా చూడవలెను. చెదురుమదురు రంగు చుక్కలు సహజము, అడ్డచారలు మాత్రము దోషము. ఎఫ్/16 వద్ద తెల్లకాగితమును తీసినచో సెన్సారుపై ధూళి తెలియును. కటకమును దీపమునకు ఎదురుగా పట్టి చూచినచో సాలెగూటివంటి బూజు కనబడును. వానకాలపు తేమలో మూసియుంచిన కటకములకు ఇది సామాన్య వ్యాధి. చివరిది షట్టరు ఎన్నిమార్లు పనిచేసెనను లెక్క. డి5100 షట్టరు లక్షమార్లకు పరీక్షింపబడినది. రాత్రికి రెండువందల చొప్పున ఏటికి ముప్పది రాత్రులు తీసినను ఆరువేలే. కనుక అరువదివేలు దాటిన కెమేరా ధర తగ్గినచో భయపడనక్కరలేదు.

నేటి సెల్‌ఫోనులు సయితము నక్షత్రములను చిత్రించుచుండగా ఈ పాత కెమేరా ఎందుకను ఆక్షేపణ న్యాయమైనదే. ఫోను చిత్రము పెక్కుమార్లు కంటికి ఇంపుగా నుండును. కాని ఫోను తానే చిత్రములను కూర్చి, తానే నునుపుచేసి, ఫలితమును మాత్రమే చేతికిచ్చును. ‘రా’ రూపమున భద్రపరచు పాత కెమేరా సెన్సారు కొలిచిన అంకెలను చాలవరకు అట్లే అప్పగించును. విద్యార్థికి కావలసినది ఆ అంకెలు. వానితో 2.87 దినముల కొకసారి మసకబారు ఆల్గాల్ నక్షత్రపు కాంతిని సయితము కొలువవచ్చును.

హైదరాబాదులో దీనికి పూర్వప్రమాణము కలదు. ఆకాశమునంతటిని ఛాయాచిత్రములతో కొలువవలెనని 1887లో పారిస్ నగరమున నిశ్చయింపబడెను. శాంటియాగోకు కేటాయింపబడి మిగిలిపోయిన దక్షిణ 17 నుండి 23 డిగ్రీల భాగమును 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల చేపట్టెను. బేగంపేటలో 8 అంగుళాల దూరదర్శినితో, రెండేసి డిగ్రీల గాజు ఫలకములపై ఆ పని ఏండ్లతరబడి సాగెను. అది ముగిసిన పిమ్మట ఉత్తరమున 36 నుండి 39 డిగ్రీల భాగమును కూడ చేసిరి. అనేక వేధశాలలు వాడినవి 13 అంగుళాల దూరదర్శినులు. ఇచటి పరికరము వానికంటె చిన్నది. అయినను ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములు పట్టికల కెక్కినవి. ఒకే పరికరముతో, ఒకే పద్ధతితో, తేదీ వేసి భద్రపరచుటయే దాని బలము.

పాఠశాల చేయదగినదియు ఇదియే. ప్రతి ఏడు డిసెంబరు అమావాస్యనాడు అదే కెమేరా, అదే కటకము, అదే ఎక్స్‌పోజరుతో మృగవ్యాధుని, ఉత్తర దిగంతమును చిత్రించి, తేదీ, గంట, ఉష్ణోగ్రత వ్రాసి దాచినచో పది యేండ్లలో రెండు ఫలితములు చేతికి వచ్చును: నక్షత్రముల కాంతి, పట్టణపు దీపములు ఆకాశమును ఎంత తెల్లబరచినవను లెక్క. రెండవదానిని షాద్‌నగర్ విద్యార్థులే కూర్చవలసియుండును. కెమేరాను ఏటేటా మార్చువారికి ఇది సాధ్యము కాదు. ఓపికతో వాడువారి చేతిలో 2011 నాటి కెమేరా యైనను దీనికి చాలును.