ఓర్పూ వేగం ఒకే పెట్టెలో

ఇందుకూరుపేట, ముత్తుకూరు, కోట, వాకాడు... నెల్లూరు తీరం పొడవునా రొయ్యల గుంటల గట్ల మీద రేకు కరెంటు బోర్డులు కనిపిస్తాయి. వనామీ రొయ్యల సాగుకు 2009లో అనుమతి వచ్చాక ఈ గుంటల సంఖ్య బాగా పెరిగింది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటే వేళ నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే పంట దక్కదు. ఆ ఏరియేటర్లకు కరెంటు మోసే తీగలను కాసేది బోర్డులోని ఎంసీబీ, అంటే మీనియేచర్ సర్క్యూట్ బ్రేకరు. ఒక్కో పోలు వెడల్పు 18 మిల్లీమీటర్లే. అంత చిన్న చోట అంత ఆలోచన ఇమిడిన పనిముట్టు నాకు ఇంకొకటి తెలియదు.

పాత పింగాణీ ఫ్యూజుల కాలంలో ఫ్యూజు పోతే చేతికందిన లావుపాటి తీగ చుట్టేసేవారు. దాంతో కాపలా పేరుకే మిగిలేది. పడ్డాక మళ్లీ ఎత్తి వాడుకోగల బ్రేకరును జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టాట్జ్ సంస్థ 1924లో రూపొందించింది. వేడితో పనిచేసే భాగాన్నీ అయస్కాంతంతో పనిచేసే భాగాన్నీ ఒకే గూట్లో పెట్టడం అందులోని గొప్పతనం. ఆ సూత్రం ఇప్పటికీ మారలేదు.

పాడైన ఎంసీబీ రివెట్లు తొలిచి విప్పితే ముందు కనబడేది రెండు లోహాలు అతికించిన పట్టీ. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ; పట్టీ వంగి గొళ్లెం వదిలిస్తుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్లను గంటసేపు ఓర్చుకోవాలి, 23.2 పారితే గంటలోపు పడిపోవాలి. 41కి చేరితే నిమిషం కూడా ఆగకూడదు. ఈ లెక్క కుదిరేలా ఫ్యాక్టరీలో ఓ చిన్న స్క్రూను తిప్పి సరిచేస్తారు. మోటారు లేచేటప్పుడు క్షణంపాటు లాగే ఐదారింతల కరెంటుకు ఈ పట్టీ చలించదు. దాని ఓర్పు లేకపోతే ఏరియేటరు వేసిన ప్రతిసారీ బోర్డు పడుతుంది.

షార్టు అయితే ఓర్పు పనికిరాదు. అప్పుడు పక్కనున్న రాగి చుట్ట అయస్కాంతమై లోపలి కడ్డీని లాగుతుంది. సీ రకంలో ఇది ఐదు నుంచి పదింతల మధ్య, అంటే మన 16 ఆంపియర్లకు 80 నుంచి 160 మధ్య జరగాలి. కాంటాక్టులు విడివడగానే నడుమ నిప్పుల ఆర్క్ లేస్తుంది; దాని వేడి వేల డిగ్రీలు. దాన్ని చల్లార్చే తీరే నాకు అన్నిటికన్నా ముచ్చట. ఆ ఆర్క్ తన అయస్కాంత బలంతోనే పక్కకు జరిగి, దువ్వెన పళ్లలా నిలిపిన ఇనుప రేకుల మధ్యకు దూరుతుంది. అక్కడ ముక్కలై, ఒక్కో సందులో ఇరవై ముప్ఫై వోల్టులు తినేస్తుంది. సందులన్నీ కలిస్తే సరఫరా వోల్టేజిని ఎదిరించే బలం వస్తుంది. సెకనులో వందో వంతు గడవకముందే కరెంటు ఆగుతుంది. మీటను చేత్తో పైకి నొక్కి పట్టుకున్నా లోపల పడేది పడుతుంది. మనిషి మొండితనాన్ని కూడా ముందే ఊహించి కట్టారు.

ఈ తీరంలో దాని పని మరీ కష్టం. ఉప్పుగాలికి టెర్మినళ్లు చిలుము పడతాయి, బిగింపు సడలి వేడెక్కుతాయి. పట్టీని సరిచేసేది 30 డిగ్రీల లెక్కన. మే ఎండలో రేకు పెట్టె లోపల వేడి అంతకన్నా చాలా ఎక్కువ. అందుకే లోడు సరిగానే ఉన్నా ముందే పడుతుంది. విసిగి 16 తీసి 32 పెట్టకండి. ఎంసీబీ పడేలోగా తీగ మాడుతుంది. బోర్డుకు నీడ కల్పించండి, టెర్మినళ్లు శుభ్రం చేసి బిగించండి. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తూ, గడిలో 6000 గానీ 10000 గానీ అంకె ఉందో లేదో చూడండి. ఎన్ని ఆంపియర్ల షార్టును అది తెంచగలదో ఆ అంకె చెబుతుంది.

ఒక్క సంగతి మరవద్దు. ఎంసీబీ తీగను కాస్తుంది. తడి గట్టు మీద షాకు తగిలిన మనిషిని కాపాడలేదు. గుంటలో మనుషులు దిగేచోట దాని పక్కనే కరెంటు లీకేజీని పసిగట్టి తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి.