ఎండ తెరవమంటుంది, అడవిపిల్లి మూయమంటుంది

కోడికి చెమట పట్టదు. దాని ఒంట్లో చెమట గ్రంథులే లేవు. మామూలు రోజుల్లోనే దాని ఒంటి వేడి 41 డిగ్రీల పైన ఉంటుంది. బయటి గాలి కూడా ఆ వేడికి చేరిందంటే ఒంట్లోని వేడి బయటకు పోయే దారి దాదాపు మూసుకుపోయినట్టే. అప్పుడు దానికి మిగిలేది నోరు తెరిచి ఎగపోయడమే. గొంతు కింది చర్మాన్ని టపటపా ఆడిస్తూ, లోపలి తడిని ఆవిరిగా వదులుతూ ప్రాణం నిలుపుకుంటుంది. రెక్కలు ఒంటికి ఎడంగా వేలాడేసి, కళ్లు సగం మూసి, నోరు తెరుచుకుని నిలబడిన కోడిని చూస్తే ఎండ దాని ప్రాణం మీదికి వచ్చిందని అర్థం.

అనంతపురం పల్లెల్లో ఈ దృశ్యం ఏటా మార్చి నెలాఖరు నుంచే మొదలవుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల అది. పడమటి కనుమల నీడలో ఉండటంతో నైరుతి మేఘం సగం ఖాళీ అయ్యాకే అక్కడికి చేరుతుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వెళితే హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల మీదికి పాకుతూ కనిపిస్తాయి. ఎడారి అన్న మాట అక్కడ అతిశయోక్తిగా అనిపించదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే ఆ ఎండల్లో, ఫ్యాను లేకుండా, పొగమంచులా నీళ్లు చిమ్మే యంత్రాలు లేకుండా, పెరటి కోడి తరతరాలుగా బతికింది. కోడి గట్టిదనం ఒక్కటే దీనికి కారణం కాదు. దాని చుట్టూ ఇంటి ఆడవాళ్లు అల్లిన ఏర్పాటు కూడా కారణం.

ఆ ఏర్పాటు విలువ తెలియాలంటే ముందు చిక్కు ఎక్కడుందో చూడాలి. ఎండ నుంచి కోడిని కాపాడాలంటే అన్నీ తెరవాలి: గాలి ఆడాలి, తిరగడానికి చోటుండాలి, నీడ నుంచి నీడకు పోవడానికి స్వేచ్ఛ ఉండాలి. నక్క, అడవిపిల్లి, ముంగిస, పాము, గద్దల నుంచి కాపాడాలంటే అన్నీ మూయాలి. మందంగా గోడలు కట్టి సందు లేకుండా మూసిన గూటిలో కోడి ఎండాకాలపు రాత్రి ఉక్కకు చస్తుంది. గాలి కోసం తెరిచి వదిలేస్తే తెల్లారేసరికి ఈకలు మిగులుతాయి. పల్లె తెలివి ఈ రెంటినీ ఒకే కట్టడంలో ఇరికించలేదు. రోజును ముక్కలు చేసింది. పగటికి చెట్టు, పిల్లలకోడికి గంప, రాత్రికి గూడు. ఏ పూట ఏ ముప్పు పెద్దదో ఆ పూటకు ఆ ఆశ్రయం.

పగటి సంగతి ముందు చెప్పుకోవాలి. పెరట్లో వేప, కానుగ, చింత, ఏదో ఒక చెట్టు లేకపోతే మిగతావన్నీ అరకొర ఉపాయాలే. రేకుల కింద కూడా నీడ ఉంటుంది కానీ ఆ రేకు ఎండకు కాగి కిందికి వేడి కక్కుతుంది. చెట్టు అలా కాదు, ఆకుల నుంచి నీటిని ఆవిరి చేస్తూ తన కింది గాలిని చల్లబరుస్తుంది. చెట్టు మొదట్లో కోళ్లు కాళ్లతో గీరి గుంటలు చేసుకుంటాయి. పైమట్టి తీసేస్తే లోపలి మట్టి చల్లగా ఉంటుంది. ఈకలు పలచగా ఉండే పొట్టను దానికి ఆనించి పడుకుంటే ఒంటి వేడి మట్టిలోకి దిగుతుంది. ఆ మట్టినే ఒంటి మీద చల్లుకుని పేలను రాల్చుకుంటాయి. పెద్దవాళ్లు ఆ గుంటలో పొయ్యి బూడిద, ఎండిన వేపాకు పొడి కలిపేది అందుకే. వాకిలి పాడవుతోందని ఆ గుంటలను పూడ్చేవాళ్లు కోడి పరుపును లాగేస్తున్నట్టే. పెరడంతా సిమెంటు చేసిన ఇళ్లలో కోడి నిలవదు. మధ్యాహ్నం ఆ గచ్చు మీద అడుగు పెట్టి చూస్తే ఎందుకో తెలుస్తుంది.

నీళ్లు మట్టి పాత్రలోనే పెట్టాలని పెద్దలు అంటారు. కాల్చిన మట్టి గోడల్లోంచి నీరు చెమ్మగా ఊరి ఆవిరవుతుంది, లోపలి నీరు చల్లబడుతుంది. ఎండలో పెట్టిన నల్ల ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు వేడెక్కుతాయి. వేడి నీళ్లు కోడి ఇష్టంగా తాగదు, తాగకపోతే ఎగపోయడానికి ఒంట్లో తడి ఉండదు. వేసవిలో కోడి తాగే నీరు మామూలు రోజులకు రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి. అందుకే ఒక్క ముంత చాలదు. చెట్టు కింద రెండు మూడు చోట్ల మూకుళ్లు పెట్టి, పూటపూటా మార్చాలి. ఒకటే ఉంటే బలమైన పుంజు దాని పక్కనే కాపు కాస్తుంది, బక్కపెట్టలు దాహంతో దూరంగా ఉండిపోతాయి. పిల్లల మూకుడులో గులకరాళ్లు వేస్తే అవి మునిగిపోవు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అనంతపురంలో 42 డిగ్రీల ఎండను తట్టుకున్న కోడి, మచిలీపట్నం వైపు అంతకన్నా తక్కువ ఎండకే కూలబడవచ్చు. ఎగపోయడం పనిచేసేది తడి ఆవిరైతేనే. ఉక్కపోత గాలిలో ఆవిరి కావడం మందగిస్తుంది. కాబట్టి పొడి సీమలో చెట్టు కింద నీళ్లు చల్లడం, గాలి వచ్చే వైపు తడి గోనెపట్టా వేలాడదీయడం బాగా పనిచేస్తాయి. కోస్తాలో అదే పని చేస్తే తేమ పెరిగి కీడే ఎక్కువ. అక్కడ గాలి ఆడటమే మందు. ఒక ఊరి ఉపాయాన్ని ఇంకో ఊరికి ఎత్తుకెళ్లేముందు ఇది చూసుకోవాలి.

మేత విషయంలో పాత అలవాటు ఎంత లోతైనదో శరీరధర్మం తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. తిన్నది అరగడానికి ఒంట్లో వేడి పుడుతుంది. పొద్దు ఎక్కాక మేత వేస్తే ఆ వేడి సరిగ్గా నడిమధ్యాహ్నం ఎండతో కలుస్తుంది. పల్లెల్లో గూడు తెరవగానే చీకటి వీడకముందే ఒకసారి, పొద్దుగూకేటప్పుడు ఒకసారి జొన్నలో నూకలో చల్లుతారు. మధ్యాహ్నం వేయరు. వేస్తే గిస్తే మజ్జిగ, తరిగిన ఉల్లిపాయ, నానబెట్టిన రాగులు. సాయంత్రం గింజలకు ఇంకో పని కూడా ఉంది. పిలవగానే దిబ్బల మీద, కంపల కింద ఉన్న కోళ్లన్నీ పరుగెత్తుకొస్తాయి, అప్పుడు లెక్క తేలుతుంది. ఏది కుంటుతోంది, ఏది మేత ముట్టడం లేదు, ఏది రాలేదు అన్నది ఆ గుప్పెడు గింజల దగ్గరే తెలుస్తుంది.

వేసవిలో గుడ్డు పెంకు పలచబడటం చాలామంది చూసే ఉంటారు. కోడి ఆపకుండా ఎగపోస్తుంటే ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకు పోతుంది; దాంతో రక్తం గుణం మారి, పెంకు కట్టడానికి కావలసిన సున్నం సరిగా అందదు. గుల్ల పెంకులు, సున్నపురాయి నలిపి పక్కన పెడితే కొంత మేలు. పొదగేయడానికి దాచే గుడ్లకూ ఎండ శత్రువే. వేడికి లోపలి పిండం సగంసగంగా పెరిగి చచ్చిపోతుంది. అందుకే గుడ్లను ఇంట్లో చల్లని మూల, తడి ఇసుక పోసిన కుండలో పెట్టి, వేసవిలో మూడు నాలుగు రోజులకు మించి దాచకుండా పెట్ట కింద పెడతారు. నడివేసవిలో పొదగేయకుండా ఆగడం ఇంకా మంచిదని నా అభిప్రాయం. 21 రోజులు గుడ్ల మీద కదలకుండా కూర్చునే పెట్టకు ఆ కాలం పెద్ద శిక్ష.

పిల్లలు దిగాక భయం పైనుంచి వస్తుంది. గద్ద గూడు కట్టుకుని పిల్లల్ని సాకేది చలికాలం చివర్లో. సంక్రాంతి తర్వాత దిగిన కోడిపిల్లలు దాని కంట ఎక్కువగా పడతాయి. తల్లికోడి చేతగానిది కాదు. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక రకంగా, నేల మీద పిల్లో కుక్కో వస్తే ఇంకో రకంగా కోళ్లు హెచ్చరిస్తాయని శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి నిరూపించారు. పల్లెవాళ్లు ఆ అరుపులు విని ఎప్పుడో పోల్చుకున్నారు. గద్ద హెచ్చరిక వినగానే పిల్లలు కదలకుండా నక్కుతాయి లేదా తల్లి రెక్కల కిందికి దూరతాయి. కానీ దూరడానికి చోటుండాలి. ఊడ్చి చదును చేసిన వాకిట్లో పిల్లకు దాక్కునే చోటే లేదు. కంది కట్టె మోపులు, మల్లె పందిరి, కింద ఖాళీ ఉన్న బండి, గుబురు పొదలు: ప్రాణం కాపాడేవి ఇవే. మొదటి రెండు మూడు వారాలు తల్లినీ పిల్లల్నీ వెదురు గంప కింద మూసి, నీడ జరిగినకొద్దీ గంపను జరుపుతుంటారు. గంప అల్లిక సందుల్లోంచి గాలి ఆడుతుంది, గద్ద గోరు దూరదు. మేదరివాళ్ల చేతి నుంచి వచ్చిన ఆ వస్తువు చవక, తేలిక, పాడైతే మట్టిలో కలిసిపోతుంది; అది చేసినంత చక్కగా ఈ పని ఏ ఇనుప బోనూ చేయలేదు. కాకపోతే అది పగటి కాపలా మాత్రమే. రాత్రి వీధికుక్క దాన్ని ఒక్క తోపుతో తిరగేస్తుంది.

రాత్రి అసలు పరీక్ష. పాత ఇళ్లలో అరుగు కిందనే కోళ్లగూడు కట్టేవారు. మట్టిగోడ, పైన నాపరాయి, మనిషి చెయ్యి పట్టేంత వాకిలి, దానికి అడ్డంగా బండ. ఇంటివాళ్లు పైన అరుగు మీదే పడుకునేవారు కాబట్టి కింద చిన్న అలికిడి అయినా లేచేవారు. అడవిపిల్లి, పునుగుపిల్లి, నక్క ఏవీ ఆ బండను కదపలేవు. దాని లోపం కూడా చెప్పాలి. పగలంతా ఎండలో కాగిన నాపరాయి రాత్రంతా ఆ వేడిని లోపలికి వదులుతుంది. తెలిసినవాళ్లు దాని మీద మట్టి పరిచి బోదగడ్డి కప్పేవారు, సాయంత్రం నీళ్లు చల్లేవారు. తెలియనివాళ్ల గూటిలో మే నెలలో పెట్టలు ఉక్కకు చచ్చేవి. ఆ ఉక్క భరించలేక కూడా నాటుకోళ్లు చెట్టెక్కుతాయి. కొమ్మ మీద గాలి బాగుంటుంది, నక్క అందుకోలేదు. కానీ అడవిపిల్లీ పునుగుపిల్లీ చెట్టెక్కగలవు, గుడ్లగూబకు రెక్కలున్నాయి. చెట్టు మీద కోళ్లను వదిలేసే ఇంట్లో ఏడాది తిరిగేలోపు మంద బాగా తగ్గడం మామూలే.

ఈ ఒక్కచోట పాతదానికి కొత్తది తోడైతే సమస్య తీరుతుందని నమ్ముతున్నాను. అర అంగుళం కన్ను ఉన్న వెల్డ్ మెష్ తీసుకుని, గూటి రెండు ఎదురెదురు గోడల్లో పైకప్పుకు జానెడు కింద కిటికీలు పెడితే వేడిగాలి పైనుంచి పోతుంది, పెద్ద పాము దూరదు. పలచని కోళ్ల జాలీ పనికిరాదు, కుక్క పళ్లకు అది ఆగదు. గోడ అడుగున మెష్‌ను అడుగు లోతు పాతితే, లేదా చుట్టూ బండరాళ్లు పేర్చితే ముంగిస, పందికొక్కు తవ్వలేవు. రేకు తప్పనిసరైతే పైన సున్నం కొట్టి, జొన్నచొప్పో కొబ్బరిమట్టలో పరవాలి. తలుపు గడియ వంకర ఇనుప తీగతో కాకుండా గట్టి గొళ్లెంతో ఉండాలి. ఎంత గట్టి గూడైనా పొద్దుగూకగానే మూయకపోతే ఖర్చు దండగ. కోళ్లు పోయిన ఇళ్లలో అడిగి చూడండి, చాలాచోట్ల గూడు బాగానే ఉంటుంది, ఆ రోజు పెళ్లికో సంతకో పోయి తలుపు వేయడం మరిచి ఉంటారు.

పాముల గురించి ఒక మాట. నాగుపామూ జెర్రిపోతూ కోళ్లగూటి వైపు వస్తాయి, గుడ్ల కోసమో పిల్లల కోసమో, చాలాసార్లు చిందిన గింజల కోసం వచ్చిన ఎలుకల కోసం. గింజలు రాత్రి మిగలకుండా ఊడ్చేస్తే ఎలుక రాదు, దాని వెనక పామూ రాదు. జెర్రిపోతుకు విషం లేదు. పొలంలో ఎలుకలను తినే రైతు బంధువు అది. అడవిపిల్లి, ముంగిస, జెర్రిపోతులను చంపడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. విషం కలిపిన మాంసం పెట్టడం ఇంకా ఘోరం, అది తిన్న గద్దా కుక్కా కూడా చస్తాయి. పెరడు చుట్టూ సర్కారు తుమ్మ కంపో రేగు కంపో దట్టంగా వేస్తే నక్క, కుక్క ఆగుతాయి. ఎవరినీ చంపకుండా కోడిని కాపాడుకునే పద్ధతి మనకు ఉంది.

కోడి జాతి ఎంపిక కూడా రక్షణలో భాగమే. మన అసీల్ అనగానే సంక్రాంతి పందెం గుర్తొస్తుంది. కానీ దాని పొడుగు కాళ్లు, ఒంటికి అతుక్కున్న పలచని ఈకలు ఎండ నేలకు తగినవి. మెడ మీద ఈకలుండని బోడిమెడ కోడి వేడిని ఇంకా తేలికగా వదిలిస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లకు రంగురంగుల ఈకలు ఉంచడంలోనూ ఆలోచన ఉంది, ఎర్రమట్టిలో, ఎండుటాకుల్లో అవి కలిసిపోతాయి. తెల్లకోడి ఆకాశం నుంచి దూరానికే కనిపిస్తుంది. మాంసం కోసం త్వరగా పెరిగే బ్రాయిలర్‌ను మాత్రం వేసవి పెరట్లో వదలొద్దు. బరువు ఎక్కువ, పరుగు తక్కువ, మొదట పోయేది అదే.

ఎండ దెబ్బ తగిలిన కోడిని మంచునీళ్లలో ముంచకూడదు. నీడకు తెచ్చి, కాళ్లు, జుట్టు చల్లని నీటితో తడిపి, కాస్త ఉప్పు చక్కెర కలిపిన నీరు కొద్దికొద్దిగా పట్టాలి. ఎండ, గద్దలే కాదు, రోగం భయం కూడా ఉంది. గద్దకన్నా, ఎండకన్నా ఎక్కువ కోళ్లను తీసుకుపోయేది కొక్కెర తెగులు. పిల్లలకు మొదటి వారంలో కంట్లో లసోటా టీకా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్ టు బి టీకా వేయిస్తే దాన్ని ఆపవచ్చు. ఆ టీకాలు వేడికి చెడిపోతాయి కాబట్టి ఐసులో తెచ్చి, పొద్దున్నే వేయించాలి.

ఈ పనులన్నీ ఇంటి ఆడవాళ్లు ఎవరూ జీతమివ్వకుండా చేస్తూ వచ్చారు. గుడ్డు డబ్బు, పుంజు డబ్బు వాళ్ల చేతి సొమ్ము. లేని ఇంటికి పెట్టను పాలుకు ఇచ్చి, దిగిన పిల్లల్ని పంచుకునే పద్ధతి వల్ల ఒక పెట్టతో రెండు ఇళ్లు నిలదొక్కుకునేవి. ఎండాకాలం మంద నిలబడితే ఆ ఇంటికి తొలకరికి విత్తనాల ఖర్చుకు ఆసరా ఉన్నట్టే.

వేసవి ముదరకముందే టీకాలు వేయించండి, గూటికి పైన కిటికీలు పెట్టించండి, వానలు పడగానే పెరట్లో ఒక వేపో కానుగో నాటండి. కొత్త ఇల్లు కట్టేవాళ్లు పెరడంతా గచ్చు చేయకండి. గూడు కట్టించేముందు మేస్త్రీతో పాటు మీ ఇంట్లో కోళ్లు సాకిన పెద్దావిడను కూడా అడగండి.