ముందు నమోదు చూడండి

సూర్యాపేట మార్కెట్ యార్డులో వడ్లు అమ్మిన రైతు తక్‌పట్టీ చేతికి రానిదే ఇంటికి కదలడు. అడ్తిదారు ఎంత తెలిసినవాడైనా తూకం, ధర, కమీషన్ కాగితం మీద పడాల్సిందే. అదే రైతు కొడుకు కోదాడలో కూర్చుని, ముఖం కూడా చూడని మనిషి వాట్సాప్‌లో పెట్టిన ఖాతాకు షేర్ల కోసమని లక్షలు పంపుతున్నాడు. సబ్ బ్రోకర్‌గా బతికిన నాకు ఇది మింగుడుపడటం లేదు.

నేను ఈ పనిలోకి వచ్చిన కాలంలో షేరంటే కాగితమే. ట్రాన్స్‌ఫర్ డీడ్లు పట్టుకుని మిర్యాలగూడ రైసుమిల్లుల చుట్టూ తిరిగేవాణ్ణి. సంతకంలో కాస్త తేడా ఉన్నా ‘బ్యాడ్ డెలివరీ’ అని వెనక్కి వచ్చేది. మళ్లీ బస్సెక్కాలి. 1996లో షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో దాచే ఎన్‌ఎస్‌డీఎల్ వచ్చాక, డీమ్యాట్ పుణ్యమా అని ఆ తిప్పలు మెల్లగా తీరాయి.

1992 నిబంధనల ప్రకారం బ్రోకరే కాదు, సబ్ బ్రోకరూ స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదు కావాల్సి ఉండేది. ఆ నమోదు సర్టిఫికెట్ ఆఫీసు గోడకు ఉంటే నాకదో ధైర్యం. 2018 ఆగస్టులో సెబీ సబ్ బ్రోకర్లనే వర్గాన్నే ఎత్తేసింది. 2019 మార్చి 31లోగా బ్రోకర్ తరఫున పనిచేసే ఆథరైజ్డ్ పర్సన్‌గానో ట్రేడింగ్ మెంబర్‌గానో మారకపోతే నమోదు వదులుకున్నట్టే. నేను మారలేదు. అప్పటికి వయసు మీద పడింది. నా పని అక్కడితో ముగిసింది.

నమోదు ఉంటే చాలని నేననను. నమోదున్న బ్రోకర్ సంస్థ కార్వీయే ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని తేలడంతో 2019 నవంబరులో సెబీ ఆంక్షలు పెట్టింది, 2023లో నమోదే రద్దు చేసింది. అయితే నమోదున్న సంస్థ కాబట్టే దాని మీద చర్య తీసుకునే దారి ఉంది. వాట్సాప్ గ్రూపు రాత్రికి రాత్రి మాయమైతే ఎవర్ని పట్టుకుంటారు?

అందుకే చెబుతున్నాను. బ్రోకర్ పేరు సెబీ వెబ్‌సైట్‌లో, ఆథరైజ్డ్ పర్సన్ పేరు ఎక్స్ఛేంజ్ జాబితాలో ఉందో లేదో చూడండి. ఆథరైజ్డ్ పర్సన్ మీ డబ్బు తన ఖాతాలో వేయించుకోకూడదు. అలా అడిగితే లేచి వచ్చేయండి. ట్రేడ్ జరిగిన 24 గంటల్లో తక్‌పట్టీ లాంటి కాంట్రాక్ట్ నోట్ రావాలి. ఇప్పటికే మోసపోయి ఉంటే పరువు పోతుందని దాచుకోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.