గొంతు తగ్గినా గుణం తగ్గని వాల్వు యాంప్

పన్నెండు వాట్లంటే చిన్న అంకెలాగే ఉంటుంది. 1950ల నడుమ ఫెండర్ తెచ్చిన 5ఈ3 డీలక్స్ గిటార్ యాంప్ ఇచ్చేది దాదాపు అంతే. కానీ ఆ పన్నెండు వాట్లనూ పూర్తిగా వాడితే అపార్టుమెంటు మొత్తం మేలుకుంటుంది. వాల్యూమ్ తగ్గించి వాయిద్దామంటే, ఆ యాంప్‌ను ఇంట్లో కూర్చుని కట్టుకున్న కారణమే పోతుంది. రాక్ గిటారిస్టు నీల్ యంగ్ దశాబ్దాలుగా వదలని ఆ ధ్వనిలో పెద్ద భాగం, చివరనున్న రెండు 6వీ6 వాల్వులు తమ శక్తి అంచుకు చేరినప్పుడే పుడుతుంది. తీగను మెల్లగా మీటితే తేటగా, గట్టిగా మీటితే గరగరలాడుతూ పలికే గుణం అక్కడిదే.

ఈ చిక్కుకు చాలా మంది చాలా దారులు వెతికారు. గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ తన మార్షల్ యాంప్‌కు వచ్చే కరెంటునే వేరియాక్ అనే సర్దుబాటు ట్రాన్స్‌ఫార్మర్‌తో సుమారు 90 వోల్టులకు దించేవాడు. అలా చేస్తే వాల్వు హీటర్లకు అందేది కూడా పడిపోతుంది. బోస్టన్ బృందపు గిటారిస్టు టామ్ షోల్జ్ 1980 ప్రాంతంలో పవర్ సోక్ తెచ్చాడు. అది యాంప్‌కూ స్పీకరుకూ మధ్య కూర్చుని పవరును వేడిగా మార్చేస్తుంది, వాల్వులు మాత్రం పూర్తి బరువు మోస్తూనే ఉంటాయి. సగం పవరుకు దించే ట్రయోడ్ స్విచ్ ఉందిగానీ, సగమంటే 3 డెసిబెల్సే, చెవికి పెద్దగా తేడా తెలియదు. మోత సగమైనట్టు అనిపించాలంటే పవరు పదో వంతుకు దిగాలి. కెనడాకు చెందిన కెవిన్ ఓకానర్ ‘పవర్ స్కేలింగ్’ పేరుతో చెప్పిన దారి వేరు: హీటర్ల 6.3 వోల్టులను ముట్టుకోకుండా ప్లేట్ల హై వోల్టేజీని మాత్రమే తగ్గించడం. సొంతంగా యాంప్‌లు కట్టుకునేవాళ్లు వాడే దాని సరళ రూపమే వీవీఆర్ (వేరియబుల్ వోల్టేజ్ రెగ్యులేటర్). చిన్న యాంప్‌కు నా ఓటు దీనికే.

ఇందులో ప్రధానమైంది ఒక్క మాస్‌ఫెట్, కాలువకు తూములాంటిది. 350 వోల్టులు దాని డ్రెయిన్‌కు వస్తాయి. ఒక మెగా ఓమ్ పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టరు) గేటుకు ఎంత ఇస్తే, దానికి మూడు నాలుగు వోల్టులు తక్కువగా సోర్స్ నుంచి వాల్వులకు వెళ్తుంది. గేటుకూ సోర్స్‌కూ మధ్య కాపలాగా 12 వోల్టుల జీనర్ డయోడ్ ఉంటుంది.

కట్టిన వీవీఆర్ పని చేయకపోతే వెంటనే భాగాలు మార్చడం మొదలుపెట్టకూడదు. నలుపు ప్రోబ్ చాసిస్‌కు తగిలించి డ్రెయిన్, గేటు, సోర్స్ మూడూ కొలవాలి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ మాస్‌ఫెట్ లోహపు రేకే డ్రెయిన్, అక్కడ 350 వోల్టులుంటాయి. రేకుకూ చాసిస్‌కూ మధ్య అభ్రకం పలక చిరిగితే ఫ్యూజు ఎగిరిపోతుంది. అందుకే మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు, పాత రేడియో మెకానిక్కులు వాడినట్టే, సీరీస్ బల్బు పెట్టాలి.

ఇప్పుడు అంకెలు చదవాలి. నాబ్ తిప్పినా మూడు చోట్లా 350 దగ్గరే ఉందనుకోండి. గేటు కదలట్లేదు కాబట్టి పాట్ పోయిందనిపిస్తుంది. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. డ్రెయిన్, సోర్స్ లోపల షార్టయితే, సోర్స్‌కు చేరిన వోల్టేజీ జీనర్ గుండా వెనక్కి వచ్చి గేటును పైకి లాగేస్తుంది. పాట్‌లో మెగా ఓమ్ అడ్డుంది కనుక అది ఎదురు నిలవలేదు. స్విచ్ ఆపి, కెపాసిటర్లను రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరుతో నిర్ధారించుకున్నాక మాస్‌ఫెట్ ఊడదీసి ఓమ్స్‌లో చూస్తే నిజం తెలుస్తుంది. డ్రెయిన్‌లో 350 ఉండి, గేటు, సోర్స్ రెండూ చతికిలబడితే వాటి మధ్య తేడా చూడాలి. 0.7 వోల్టు దగ్గరుంటే జీనర్ తిరగేసి పెట్టారు. సున్నా అయితే జీనర్ షార్టయింది. తేడా 12 దగ్గర ఆగి సోర్స్ లేవకపోతే మాస్‌ఫెట్ తెగింది, లేదా దాని కాలు దగ్గర టంకం ఊడింది.

కీచుమంటూ అరుస్తుంటే గేటు రెసిస్టరు ఎక్కడుందో చూడండి. అది బోర్డు మీద కాదు, గేటు కాలికే అంటుకుని ఉండాలి. సోర్స్ తర్వాత పెద్ద కెపాసిటర్ పెట్టడమూ మంచిది కాదు. నాబ్‌ను చటుక్కున తగ్గించినప్పుడు దానిలో నిలిచిన చార్జి జీనర్ గుండా పాట్ మీదికి మళ్లి ట్రాకును కాలుస్తుంది.

వేడి విషయం కూడా చూసుకోవాలి. నాబ్ పూర్తిగా పైనా, పూర్తిగా కిందా మాస్‌ఫెట్ చల్లగానే ఉంటుంది. ఈ యాంప్‌లో 60 శాతం వోల్టేజీ దగ్గర సుమారు 5 వాట్లు దాని మీద పడతాయి. హీట్ సింక్ సరిపోయిందో లేదో అక్కడ అరగంట వాయించి చూడాలి.

అంకెలన్నీ సరిగ్గా ఉన్నా, రెండు వాట్లకు దించగానే మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే గరగర వస్తోందంటే తప్పు వీవీఆర్‌ది కాదు, దాన్ని కలిపిన చోటుది. ముందరి వాల్వులు పూర్తి వోల్టేజీ మీద ఉండి, బలహీనపడిన 6వీ6ల మీదికి పెద్ద సిగ్నల్ తోసేస్తున్నాయి. 6వీ6లకు సిగ్నల్ అందించే ఫేజ్ ఇన్వర్టర్ సరఫరాను కూడా సోర్స్ వైపుకు మారిస్తే వేళ్ల బలాన్ని బట్టి మారే పలుకు తిరిగి వస్తుంది. 5ఈ3లో బయాస్ క్యాథోడ్ రెసిస్టరు నుంచే పుడుతుంది కాబట్టి వోల్టేజీతో పాటు అదీ సర్దుకుంటుంది, వేరే సర్క్యూట్ అక్కర్లేదు. ఫిక్స్‌డ్ బయాస్ యాంప్‌లకు ఆ వెసులుబాటు లేదు, బయాస్‌ను కూడా వెంట దించే ఏర్పాటు చేయాల్సిందే.