జపనీస్ ‘మో’, మన దీర్ఘం

ఫోన్లలో ఓ పట్టీ తిరుగుతుంటుంది, మీకూ వచ్చే ఉంటుంది. ఒక పక్క జపనీస్, ఎదురుగా తెలుగు. ‘దరె’ అంటే ఎవరు, ‘దరెకా’ ఎవరో, ‘దరెమో’ ఎవరూ, ‘దరెదెమో’ ఎవరైనా. కింద తీర్పు: జపనీస్ మన భాషలోంచే పుట్టిందట!

పట్టీలో తప్పు లేదు. నా పేచీ అంతా తీర్పుతోనే.

ఆ ‘మో’ని కాస్త చూద్దాం. ‘వతషి మో’ అంటే నేనూ. ‘హితోరి మో ఇనై’ అంటే ఒక్కరూ లేరు. నాకు అన్నిట్లోకీ ముచ్చటేసింది ‘ఇత్సుమో’. ఇత్సు అంటే ఎప్పుడు, మో చేరిందా, ఎప్పుడూ! మనం చివరి అచ్చు సాగదీసి చేసే పని వాళ్ళు మో తగిలించి చేస్తారు. జపనీస్ నేర్చుకునే మన పిల్లలకి ఇంగ్లీషు ‘ఆల్సో’ కన్నా ఈ దీర్ఘం చెప్తే చప్పున ఎక్కుతుంది. అంతవరకూ ఆ పట్టీ బంగారమే.

ఇంకో అడుగు వేస్తే లెక్క తేడా కొడుతుంది. ‘కరె మో యోంద’ అంటే ‘వాడూ పిలిచాడు’ కావచ్చు, ‘వాణ్నీ పిలిచాను’ కావచ్చు. మో వస్తే కర్తకి పెట్టే ‘గ’, కర్మకి పెట్టే ‘ఒ’ రెండూ తప్పుకుంటాయి, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. మనం ‘ని’ని వదలం, దాన్నే ‘నీ’ చేస్తాం. అలాగే ‘సన్‌జికన్ మో మత్త’ అంటే ఏకంగా మూడు గంటలు కాచుకున్నానని విసుగు. మనం ‘మూడు గంటలూ కాచుకున్నా’ అంటే ఆ మూడూ పూర్తిగా అని. విసుగు గొంతులో ఉండాలేగానీ దీర్ఘంలో లేదు.

నేను కామర్సు చదివినవాణ్ని, బ్యాంకులో పనిచేసినవాణ్ని. రెండు ఖాతాల్లో ఒకే బ్యాలెన్సు కనబడితే మనిషి ఒకడే అనెయ్యం, లెడ్జరు వెనక్కి తిప్పుతాం. మన దీర్ఘాన్ని వెనక్కి తిప్పితే పాత తెలుగులో ‘నేనును’, ‘రాముఁడును’ కనిపిస్తాయి. ఆ ‘ఉను’ పక్కన తమిళం ‘ఉమ్’ పెట్టండి, చుట్టరికం అక్కడుంది. ‘మో’కి అలా వెనకటి రూపాలు చూపించి, మిగతా మాటల్లోనూ అదే వరసలో ధ్వనులు కలుస్తున్నాయని తేల్చాలి కదా. జపాన్ పండితుడు ఓనో సుసుము (1919–2008) తమిళానికీ జపనీస్‌కీ సంబంధం ఉందని ఏళ్ళ తరబడి వాదించాడు. ఆయనంతటివాడు చెప్పినా భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. మనం నాలుగు మాటలతో తేల్చేస్తామా?

నాకు బాధ ఇంకొకటి. హోసూరు బస్టాండులో నిలబడితే ‘ఎవరూ లేరు’, ‘యారుమ్ ఇల్లై’, ‘యారూ ఇల్ల’ మూడూ చెవినబడతాయి. తరతరాలుగా ఈ మూడింటి మధ్యే బతుకుతున్నవాళ్ళం, ఆ పోలిక మీద పట్టీ గీసి పంపినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. అదే పట్టీలో ఇంకో రెండు గళ్ళు గియ్యండి, ఒకటి తమిళానికి, ఒకటి కన్నడానికి. ‘దరెకా’ ఎదురుగా యారో అని ఒకసారి, పక్క గడిలో మళ్ళీ యారో అనే రాయాల్సొస్తుంది.